డ్రమ్ములో ఏముందో ఊరికి తెలియాలి

మా ఏజెన్సీలో పదో తరగతి, ఇంటర్ అయిన పిల్లలు ఇప్పుడు కాఫీ తోటల దగ్గరే ఉండిపోవడం లేదు. ఘాటీ దిగి సముద్రం వైపున్న పారిశ్రామిక వాడలకు పోతున్నారు. మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు, గోదాములు. కాంట్రాక్టరు దగ్గర పేరు రాయించుకుని, నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని షిఫ్టులకు వెళ్తున్నారు. నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నారు. మంచిదే. చెల్లెళ్ల చదువులు ఆ డబ్బుతోనే నడుస్తున్నాయి.

కొన్నేళ్ల కిందట అలా వెళ్లిన మా పూర్వ విద్యార్థి ఒకడు రాత్రిపూట ఫోను చేశాడు.

"సార్, మేం అన్నం తినే షెడ్డు పక్కనే నీలం డ్రమ్ములు పెట్టారు. నెల దాటింది. లేబుళ్లు చిరిగిపోయాయి. ఒకదాని మీద మాత్రం పుర్రె బొమ్మ కనిపిస్తోంది. దగ్గరికెళ్తే కళ్లు మండుతున్నాయి. సూపర్‌వైజరును అడిగితే నీకెందుకురా అన్నాడు. ఎవరికి చెప్పాలి సార్?"

"ముందు వాటి జోలికి వెళ్లకురా, మూత తీయకు" అన్నాం. ఆ తర్వాత ఏం చెప్పాలో మాకు తెలియలేదు. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చదివాం. ఏళ్ల తరబడి ఆమ్లాలు, క్షారాలు, లిట్మస్ కాగితం పాఠాలు చెప్పాం. పనిచేసే చోట ప్రమాదకరమైన రసాయనం నిల్వ ఉంటే ఎవరికి చెప్పాలో ఏ పాఠంలోనూ మేము చదవలేదు, ఏ పిల్లవాడికీ చెప్పలేదు. ఆ రోజు తర్వాత అడిగి, చదివి తెలుసుకున్న చరిత్రనే ఇక్కడ రాస్తున్నాం.

మా పెద్దల కాలంలో గూడేనికి ఒక బారిక ఉండేవాడు. పండగ కబురైనా, ఊరి నాయుడు పెట్టిన కూటమి కబురైనా, రోగం వచ్చిన కబురైనా ఇంటింటికీ వెళ్లి చెప్పేవాడు. పొలిమేరలో పెద్దపులి తిరుగుతోందని ఒకరికి తెలిస్తే సాయంత్రానికి గూడెమంతా తెలిసేది. అపాయం కబురు ఏ ఒక్క ఇంటి సొత్తూ కాదు. కర్మాగారాల లోకం ఈ చిన్న మాటను చట్టంగా రాసుకోవడానికి చాలా ప్రాణాలు పోవలసి వచ్చింది.

భోపాల్‌లో ఎవరికి తెలుసు?

భోపాల్ అంటే మనకు గ్యాసు గుర్తొస్తుంది. ఆ ఊరికి అంతకుముందు వేరే చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన గోండు రాణి కమలాపతి పేరు 2021లో అక్కడి ఒక రైల్వే స్టేషనుకు పెట్టారు. ఆ ఊళ్లో 1969లో యూనియన్ కార్బైడ్ కంపెనీ పురుగుమందుల కర్మాగారం పెట్టింది. అక్కడ తయారయ్యే మందు పేరు సెవిన్. దానికి కావలసిన మిథైల్ ఐసోసైనేట్‌ను మొదట బయటి నుంచి తెచ్చుకునేవారు. 1980 నుంచి అక్కడే తయారుచేసి ట్యాంకుల్లో నిల్వ పెట్టడం మొదలుపెట్టారు. కార్మికులు దాన్ని మిక్ అనేవారు. అది చల్లగా ఉండాలి, అందులోకి నీళ్లు చేరకూడదు. చేరితే వేడెక్కి, మరిగి, విషవాయువై బయటకు తన్నుకొస్తుంది.

1981 డిసెంబరులో ఆ కర్మాగారంలో ఫాస్జీన్ అనే ఇంకో విషవాయువు తగిలి అష్రఫ్ ఖాన్ అనే కార్మికుడు చనిపోయాడు. 1982 మే నెలలో అమెరికా నుంచి కంపెనీ సొంత నిపుణుల బృందం వచ్చి చూసి 61 లోపాలు రాసిపెట్టింది. వాటిలో 30 పెద్దవి. ఆ నివేదిక కంపెనీ వాళ్ల దగ్గరే ఉంది. గోడ అవతలి బస్తీకి గానీ, ఊళ్లోని ఆసుపత్రికి గానీ చేరలేదు.

కార్మికులు ఊరుకోలేదు. వాళ్ల సంఘం ప్రమాదం గురించి పోస్టర్లు వేసింది. గ్యాసు కారుతోందని కళ్లు మండడాన్ని బట్టి తెలుసుకోవలసిన స్థితిలో వాళ్లు పనిచేశారు. ఈ మాట చదివినప్పుడు మా పిల్లవాడి ఫోను గుర్తొచ్చింది.

రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక పాత్రికేయుడికి అష్రఫ్ మిత్రుడు. ఆ చావు ఎందుకు జరిగిందో తెలుసుకోవాలని అతడు కంపెనీ కాగితాలు సంపాదించి చదివాడు. 'రపట్' అనే తన చిన్న వారపత్రికలో 1982 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఊరిని హెచ్చరిస్తూ వరుసగా రాశాడు. ముఖ్యమంత్రికి ఉత్తరం రాశాడు. 1984 జూన్‌లో 'జన్‌సత్తా' పత్రికలో మళ్లీ రాశాడు. 1982 డిసెంబరులో మధ్యప్రదేశ్ శాసనసభలో ఈ ప్రశ్న వచ్చింది. కార్మిక మంత్రి జవాబు ఏమిటంటే, ఇది 25 కోట్ల రూపాయల కర్మాగారం, ఇక్కడి నుంచి తీసి అక్కడ పెట్టడానికి చిన్న రాయి కాదు, భోపాల్‌కు ప్రమాదమేమీ లేదు. 1983లో ఒక న్యాయవాది కంపెనీకి నోటీసు పంపితే, ఆరోపణలకు ఆధారం లేదని జవాబు వచ్చింది.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి 610 నంబరు ట్యాంకులోకి నీళ్లు చేరాయి. అందులో దాదాపు 42 టన్నుల మిక్ ఉంది. దాన్ని చల్లబరచే యంత్రాన్ని కొన్ని నెలల ముందే ఆపేశారు. బయటకొచ్చే వాయువును మండించే గొట్టపు వ్యవస్థ మరమ్మతుల్లో ఉంది. మిక్ విభాగంలో మనుషులను అప్పటికే సగానికి తగ్గించారు. ఊరిని లేపవలసిన సైరన్ మోగి కాసేపటికే ఆగిపోయింది. మళ్లీ గట్టిగా మోగేసరికి గ్యాసు బస్తీల్లోకి చేరింది. జనం గాలి వాటం తెలియక గ్యాసు పోయే దిక్కుకే పరుగెత్తారు. తడిగుడ్డ ముఖానికి కప్పుకుంటే కొంతైనా రక్షణ అని వాళ్లకు ఎవరూ ముందు చెప్పలేదు. ఆసుపత్రిలో డాక్టర్లకు అది ఏ గ్యాసో, దానికి ఏ వైద్యం చేయాలో తెలియలేదు.

మధ్యప్రదేశ్ ప్రభుత్వం లెక్క ప్రకారం గ్యాసు వల్ల చనిపోయినవాళ్లు 3,787 మంది. బాధితుల సంఘాలు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. గాయపడినవాళ్లు 5 లక్షల 58 వేలకు పైగా అని ప్రభుత్వమే 2006లో చెప్పింది.

పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు మేము బోర్డు మీద రెండు వరుసలు రాస్తాం. మొదటి వరుసలో ముందే తెలిసినవాళ్లు: కంపెనీ, నిపుణులు, కార్మికులు, ఒక పాత్రికేయుడు, ఒక మంత్రి. రెండో వరుసలో తెలియనివాళ్లు: బస్తీ, ఆసుపత్రి. చావులు ఏ వరుసలో ఎక్కువ జరిగాయని అడుగుతాం. ట్యాంకులో ఏముందో చుట్టుపక్కల ఊరికి చెప్పి తీరాలని అప్పట్లో ఏ చట్టమూ కంపెనీని అడగలేదు.

ఆ కంపెనీ సొంత దేశంలో

అదే కంపెనీకి అమెరికాలో, వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్లో ఇంకో కర్మాగారం ఉండేది. అక్కడా మిక్ తయారయ్యేది. ఆ ఊరు ఎక్కువగా నల్లజాతివారిది. భోపాల్ వార్త విన్న రోజు నుంచి మా పక్కన ఏముందని వాళ్లు అడగడం మొదలుపెట్టారు. 1985 ఆగస్టు 11న అక్కడ వేరే రసాయనం కారి 130 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు.

1986 అక్టోబరులో అమెరికా ఒక చట్టం చేసింది. దాని సారాంశం ఇది. పనిచేసే చోట ప్రమాదకర రసాయనం 10,000 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర టన్నులు దాటి నిల్వ ఉంటే, అది ఏమిటో, ఎంతో, ఎక్కడ పెట్టారో ఏటా మార్చి 1 లోపల రాసి ఇవ్వాలి. మరీ విషమైన వాటికి 500 పౌండ్లు లేదా అంతకన్నా తక్కువే హద్దు. ఆ కాగితం మూడు చోట్లకు వెళ్లాలి: రాష్ట్ర సంఘానికి, స్థానిక ప్రణాళికా సంఘానికి, దగ్గరి అగ్నిమాపక కేంద్రానికి. ఊళ్లో ఎవరైనా అడిగి చూసుకోవచ్చు. ఆ చట్టం పేరులోనే 'సమాజానికి తెలుసుకునే హక్కు' అనే మాట ఉంది.

మన దేశంలో వచ్చిన చట్టాలు

మన దేశంలో 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. అందులో 41బి సెక్షన్ ప్రకారం, ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారం యజమాని ఆ ప్రమాదాల వివరాలను కార్మికులకు, ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు, స్థానిక సంస్థకు, చుట్టుపక్కల ప్రజలకు చెప్పాలి. నలుగురికీ చెప్పాలి, ఒకరికి చెప్పి ఊరుకోకూడదు. 41హెచ్ సెక్షన్ కార్మికుడికి ఒక హక్కు ఇచ్చింది. ప్రాణాపాయం దగ్గరలో ఉందని అనుమానం వస్తే అతడు యాజమాన్యానికి చెప్పవచ్చు, ఇన్‌స్పెక్టరు దృష్టికి తేవచ్చు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమలులోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ రెండు మాటలు అందులోనూ ఉన్నాయి.

1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు వచ్చాయి. ఏ రసాయనం ఎంత దాటితే అధికారులకు తెలియజేయాలో అందులో పట్టికలున్నాయి. క్లోరిన్‌కు 10 టన్నులు, అమ్మోనియాకు 60 టన్నులు. మిక్‌కు 150 కిలోలు. తరగతిలో పిల్లల చేత ఈ లెక్క చేయించవచ్చు. భోపాల్ ట్యాంకులోని 42 టన్నులను 150 కిలోలతో భాగిస్తే 280 వస్తుంది. ఇప్పుడు చెప్పి తీరవలసిన హద్దుకు 280 రెట్ల సరుకు ఆ రోజు ఊరికి తెలియకుండా ఒక్క ట్యాంకులో ఉంది. ప్రమాదం జరిగితే కర్మాగారం లోపల ఏం చేయాలో యజమాని, బయట ఊళ్లో ఏం చేయాలో జిల్లా యంత్రాంగం ముందే ప్రణాళిక రాసుకోవాలని కూడా ఈ నియమాలు చెబుతాయి.

1996లో రసాయన ప్రమాదాల నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక సంక్షోభ బృందం ఉండాలి, అది 45 రోజులకు ఒకసారి కూర్చోవాలి. పారిశ్రామిక వాడల్లో స్థానిక బృందం నెలకోసారి కూర్చోవాలి. అందులో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, అగ్నిమాపక అధికారి, పోలీసు, ఆరోగ్య కేంద్రం డాక్టరు, స్థానిక పత్రిక సంపాదకుడు ఉంటారు. సర్పంచులకూ, ఊరి పెద్దలకూ చోటుంది. మన పీసా చట్టం వచ్చింది కూడా 1996లోనే. పీసా గురించి మనం గ్రామసభల్లో మాట్లాడుకుంటాం. ఈ నియమాల గురించి మాట్లాడుకోం. మన పిల్లలు పనిచేసే చోటికి ఇవీ అవసరమే.

ఆగిపోయిన కాగితాలు

చట్టం ఉంటే చాలదు. 2013 ఏప్రిల్ 17న అమెరికాలోని టెక్సాస్‌లో వెస్ట్ అనే చిన్న ఊళ్లో ఎరువుల గోదాము అంటుకుంది. అందులో అమ్మోనియం నైట్రేట్ ఉంది. 270 టన్నులు నిల్వ ఉందని ఆ కంపెనీ రాష్ట్రానికి కాగితం ఇచ్చే ఉంది. కానీ ఆ కాగితం ఆధారంగా ఊళ్లో ఏ తయారీ జరగలేదు. మంట ఆర్పడానికి వెళ్లినవాళ్లకు అది ఎలా పేలుతుందో తెలియదు. 15 మంది చనిపోయారు. వాళ్లలో 12 మంది సాయానికి పరుగెత్తి వెళ్లినవాళ్లే.

2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బీరూట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. 200 మందికి పైగా పోయారు. ఆ సరుకు ఏళ్ల తరబడి గిడ్డంగిలో పడి ఉంది. అక్కడి కస్టమ్స్ అధికారులే దాన్ని తీసేయాలని కోర్టుకు మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాశారు. సరుకు మాత్రం కదల్లేదు. ఆ పేలుడు వార్త వచ్చాకనే, చెన్నై దగ్గర 2015 నుంచి పట్టుబడి నిల్వ ఉన్న సుమారు 700 టన్నుల అదే సరుకు మన వాళ్లకు గుర్తొచ్చింది. కొద్ది రోజుల్లోనే దాన్ని హైదరాబాదుకు తరలించారు. పదిమంది అడిగితే కదులుతుందన్నమాట.

ఆ ఏడాదే మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. ట్యాంకును సరిగా చల్లగా ఉంచలేదనీ, సైరన్ మోగలేదనీ ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. భోపాల్ జరిగిన 35 ఏళ్లకు, ఆ చట్టాలన్నీ వచ్చిన తర్వాత, మన మన్యానికి ఘాటీ దిగువనే ఇది జరిగింది.

మేము రాసిన ఉత్తరం

మా పిల్లవాడి విషయానికి వస్తాం. రెండు రోజులు తిరిగాక, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు అనే అధికారి ఒకరున్నారని ఒక మిత్రుడి ద్వారా తెలిసింది. అతడు చెప్పిన వివరాలు కాగితం మీద పెట్టాం: ఏ షెడ్డు, ఎన్ని డ్రమ్ములు, ఎన్ని రోజులుగా, డ్రమ్ము మీద ఏ గుర్తు, పక్కన ఎంతమంది అన్నం తింటారు, ఎంతమందికి కళ్లు మండాయి. అది ఏ రసాయనమో మాకు తెలియదు కాబట్టి ఊహించి రాయలేదు. చూసింది మాత్రమే రాశాం. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఒక నకలు ఇన్‌స్పెక్టరుకు, ఒకటి కాలుష్య నియంత్రణ మండలికి, ఒకటి దగ్గరి అగ్నిమాపక కేంద్రానికి పంపాం. పదిహేను రోజుల్లో అధికారి వచ్చి చూశారు. డ్రమ్ములు అక్కడి నుంచి తీసేశారు. అన్నం తినే షెడ్డు మార్చారు.

తర్వాతి నెల కాంట్రాక్టరు ఆ పిల్లవాడి పేరు జాబితాలో రాయలేదు. కారణం చెప్పలేదు. వాడు ఇంటికొచ్చి మా ముందు కూర్చుని, "సార్, నేను చెప్పింది తప్పా?" అని అడిగాడు.

తప్పు కాదని చెప్పాం. తప్పు మాదీ కొంత ఉందని కూడా చెప్పాం. ఉత్తరంలో వాడి పేరు ఒక్కటే పెట్టాం. షెడ్డులో అన్నం తినేవాళ్లు ముప్పై మంది. ముప్పై మంది సంతకాలతో, లేదా సంఘం పేరుతో, లేదా ఊరి సర్పంచు పేరుతో వెళ్లి ఉంటే ఒక్క పిల్లవాడి మీద పడేది కాదు. భోపాల్ కార్మికుల పోస్టర్లు సంఘం పేరుతో పడ్డాయని అప్పటికి మేము చదవలేదు. చరిత్ర చదవనందుకు మా పిల్లవాడు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

యువతకు మేము చెప్పేది కొంచెమే. తెలియని డ్రమ్మును తెరవవద్దు, వాసన చూడవద్దు, కదిలించవద్దు. ముందు సూపర్‌వైజరుకు చెప్పండి, తేదీ రాసుకోండి. ఒక్కరుగా వెళ్లకండి. రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. తెలంగాణలో అయితే సోమవారం ప్రజావాణి ఉంది. గ్యాసు కారుతుంటే, మంట కనిపిస్తుంటే ఉత్తరం కాదు, 101కో 112కో ఫోను చేసి, గాలి వీచే దిక్కుకు అడ్డంగా దూరం వెళ్లండి. మీరు ఉండే ఊరికి బయటి అత్యవసర ప్రణాళిక ఉందా అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

చెప్పకుండా వదిలేసిన సరుకు ఎక్కడికీ పోదు. భోపాల్ కర్మాగారంలో మిగిలిన 337 టన్నుల విష వ్యర్థాలు 40 ఏళ్లు అక్కడే పడి ఉన్నాయి. 2025 జనవరి 1 రాత్రి 12 కంటెయినర్లలో ఎక్కించి పీథంపూర్‌కు తీసుకెళ్లారు. అది ధార్ జిల్లాలో ఉంది. ఆ జిల్లా జనాభాలో సగానికి పైగా భీలు, భిలాలా వంటి ఆదివాసులే. పీథంపూర్ జనం రోడ్డెక్కారు. కోర్టు ఆదేశాలతో ఆ వ్యర్థాలను ఆ ఏడాది జూన్ చివరికల్లా అక్కడే కాల్చేశారు. ఊరికి చెప్పని సరుకు చివరికి ఎవరి ముంగిటికి వస్తుందో మన యువత గమనించాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. భోపాల్ మృతుల జ్ఞాపకార్థం డిసెంబరు 2ను జాతీయ కాలుష్య నియంత్రణ దినంగా జరుపుతారు. ఆ రోజు వ్యాసరచన పోటీ పెట్టి ఊరుకుంటాం. గత ఏడాది మేము పిల్లలకు ఒక పని ఇచ్చాం. మన బడిలో, హాస్టల్లో, ఊళ్లో మనిషికి హాని చేసే సరుకు ఏమేం ఉంది, ఎంత ఉంది, ఎక్కడ ఉంది, లేబుల్ ఉందా, రాసుకుని రమ్మన్నాం. పురుగుమందు సీసాలు, గ్యాసు సిలిండర్లు, ఇన్వర్టరు బ్యాటరీ ఆసిడ్ రాసుకొచ్చారు. చివరగా ఏడో తరగతి పిల్లలు ఒక కాగితం తెచ్చారు. నీళ్ల ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడర్ బస్తా మా హాస్టల్ బియ్యం గదిలోనే, బియ్యం బస్తాలకు ఆనించి ఉంది. మూతి విప్పి ఉంది. మేము రోజూ ఆ గది ముందు నుంచే నడుస్తున్నాం.

ఆ కాగితం హెడ్‌మాస్టరు గారి పేర రాయమన్నాం. తేదీ వేశారు. కింద పదకొండు మంది సంతకాలు పెట్టారు. సార్ చదివి, సంతకం చేసి, నకలు వాళ్లకే ఇచ్చారు. సాయంత్రానికల్లా బస్తా వేరే గదిలోకి వెళ్లింది.